విద్యాలయ భవనాలు: కట్టిన చేతులు, కాపాడిన చేతులు
(చెన్నపట్టణపు పాత కళాశాలల నిర్మాణ చరిత్ర)

విద్యాసంస్థ చరిత్ర వ్రాయబూనిన వారు సాధారణంగా స్థాపకులను, ప్రధానోపాధ్యాయులను, పేరు తెచ్చిన విద్యార్థులను తలచుకుంటారు. ఆ మహనీయులందరికీ నీడనిచ్చిన కప్పును, ఎండకూ వానకూ అడ్డు నిలిచిన గోడను తలచుకునేవారు తక్కువ. పాత విద్యార్థి ఎన్నేళ్ళకు తిరిగి వచ్చినా మొట్టమొదట చేతితో తాకి చూసేది ఆ గోడనే. తాను కూర్చున్న గది ఏదో, వాన కురిసినప్పుడు ఏ మూల కారేదో అతనికి గుర్తుంటుంది. భవనం కూడా సంస్థ చరిత్రలో ఒక పాత్రధారియే. దానికి పుట్టుక ఉంది, యౌవనం ఉంది, జబ్బు ఉంది, సకాలంలో చికిత్స జరిగితే పునర్యౌవనమూ ఉంది.

ఈ విషయాన్ని గ్రహించడానికి చెన్నపట్టణం కన్న తగిన చోటు లేదు. దక్షిణదేశంలో నవీన విద్య తొలుత వేళ్ళూనిన నగరాలలో అది ముఖ్యమైనది. తెలుగువారు, తమిళులు కలిసి చదువుకొన్న నగరం. అక్కడి మూడు విద్యాభవనాల కథను వరుసగా చూస్తే, ఒక కళాశాలను కట్టడం అంటే ఏమిటో, కట్టినదాన్ని నిలుపుకోవడం అంటే ఏమిటో బోధపడుతుంది.

ఒక వీలునామా, ఒక భవనం

మొదటిది పచ్చయప్ప కళాశాల. ప్రభుత్వం పూనుకోకుండా, మతసంస్థల ప్రమేయం లేకుండా, ఈ దేశస్థుని ధనంతో, ఈ దేశస్థుల యాజమాన్యంలో వెలసిన తొలి విద్యాసంస్థలలో అది ఒకటి.

పచ్చయప్ప మొదలియారు 1754లో పేదకుటుంబంలో పుట్టాడు. నారాయణ పిళ్ళ అనే దుబాసీ ఆశ్రయంలో పెరిగి, తానూ దుబాసీ అయి, అపారమైన ధనం ఆర్జించి, 1794లో నలభై యేండ్ల ప్రాయంలోనే కన్నుమూశాడు. మరణానికి ముందు వ్రాసిన వీలునామాలో తన ఆస్తిలో పెద్ద భాగాన్ని దేవాలయ కైంకర్యాలకు, అన్నదానాలకు, ధర్మకార్యాలకు కేటాయించాడు. అయితే ఆ ధనం చాలాకాలం ధర్మానికి చేరలేదు. వీలునామా అమలు కాక, వ్యవహారం న్యాయస్థానాలకెక్కి, దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. ఆ మధ్యకాలంలో వడ్డీతో మొత్తం పెరిగింది. చివరకు మద్రాసు సుప్రీంకోర్టు తీర్పు వల్ల ధర్మకార్యాలకు పోగా మిగిలిన సొమ్మును విద్యకు వినియోగించే ఏర్పాటు జరిగింది. ఇందుకు గట్టిగా కృషి చేసినవాడు అప్పటి అడ్వొకేటు జనరల్ జార్జి నార్టన్.

ధర్మనిధి నిర్వహణకు ఏర్పడిన తొలి ధర్మకర్తలలో ప్రముఖుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ. ఈ పేరు తెలుగు సాహిత్యాభిమానులకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేస్తూ దారిపొడుగునా వ్రాసిన లేఖలు ఈ శ్రీనివాస పిళ్ళకు వ్రాసినవే. వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో 1838లో అచ్చువేయించినవాడూ ఆయనే. తెలుగు యాత్రాసాహిత్యానికి పురుడు పోసిన చేతులే చెన్నపట్టణంలో ఒక విద్యాలయానికీ పురుడు పోశాయన్నమాట. నాటి నగరంలో భాషల మధ్య గోడలు ఎంత పలుచనివో దీనివల్ల తెలుస్తుంది.

1842లో పాఠశాల ప్రారంభమయింది. తొలుత దానికి స్వంత భవనం లేదు. బ్రాడ్వే ప్రాంతంలోని ఒక ఇంట్లో తరగతులు నడిచాయి. ధర్మకర్తలు నాలుగేండ్లు ఆగి, 1846లో ఎస్ప్లనేడ్ వీధిలో భవనానికి శంకుస్థాపన చేశారు. పునాదిరాయి వేసినవాడు నార్టన్. ఏథెన్సు నగరంలోని ప్రాచీన గ్రీకు దేవాలయాన్ని నమూనాగా తీసుకొని, ముందువైపు ఎత్తైన స్తంభాల వరుసతో నిర్మించిన ఆ మందిరాన్ని 1850లో గవర్నరు సర్ హెన్రీ పాటింజరు ప్రారంభించాడు. హిందూ ధర్మకర్తలు, గ్రీకు ఆలయపు రూపం, ఇంగ్లీషు చదువు: ఈ మూడూ ఒకే కప్పు కింద కలిసిన విచిత్రం అది.

ఆ మందిరం తరగతులకు మాత్రమే పరిమితం కాలేదు. నగరానికి సభాభవనం కూడా అయింది. 1896 అక్టోబరు 26న మోహన్‌దాస్ గాంధీ అనే ఇరవైయేడేండ్ల న్యాయవాది దక్షిణాఫ్రికాలోని భారతీయుల బాధలను చెన్నపట్టణ పౌరులకు వివరించినది ఈ పచ్చయప్ప మందిరంలోనే. ఎఫ్.ఏ. చదువుకని 1906లో ఇక్కడ చేరి, లెక్కలలో మునిగి మిగిలిన సబ్జెక్టులు తప్పిన శ్రీనివాస రామానుజన్ నడయాడినదీ ఈ సంస్థలోనే. ఇక్కడి అధ్యాపకులలో తెలుగువారు తలచుకోదగినవారు ఇద్దరున్నారు. బౌద్ధధర్మంపై 1907లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన పి. లక్ష్మీనరసు ఒకరు. తరువాతి కాలంలో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షుడై ఆంధ్రదేశాన్ని ప్రభావితం చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు మరొకరు.

1889 నాటికి అది ప్రథమశ్రేణి కళాశాల. విద్యార్థులు పెరిగారు, వీధి ఇరుకయింది, బజారు సందడి తరగతిగదిలోకి చొచ్చుకొని వచ్చింది. 1940లో కళాశాల చేట్‌పట్‌లోని విశాలమైన ఆవరణకు తరలిపోయింది. కట్టినవారి కల తొంబదియేండ్లు ఒక చోట నిలిచి, ఆ చోటు చాలక మరొక చోటికి నడిచింది. 1947 దాకా హిందువులకు మాత్రమే ఉన్న ప్రవేశం ఆ తరువాత అందరికీ లభించింది. తలుపు వెడల్పు చేయడం కూడా ఒక విధమైన పునర్నిర్మాణమే. దానికి ఇటుకలు అక్కరలేదు.

సముద్రపు ఒడ్డున రెండు భవనాలు

ప్రభుత్వం కట్టించిన భవనాల కథ వేరు. ప్రెసిడెన్సీ కళాశాల 1840లో ఎగ్మూరులోని ఒక అద్దె ఇంట్లో సన్నాహక పాఠశాలగా పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు ఇ. బి. పవెల్. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట, కళాశాలకూ, విశ్వవిద్యాలయపు సెనేటు మందిరానికీ తగిన భవనాలు కావాలని ప్రభుత్వం 1864లో పోటీ ప్రకటించింది. నమూనా ఎవరిది బాగుంటే వారికి మూడు వేల రూపాయల బహుమతి. ఆ బహుమతిని గెలుచుకొన్నవాడు రాబర్టు ఫెలోస్ చిజమ్ అనే యువ ఇంజనీరు.

ప్రెసిడెన్సీ కళాశాల భవన నిర్మాణం 1867లో మొదలై మూడేండ్లలో పూర్తయింది. 1870 మార్చిలో ఎడింబరో డ్యూకు దానిని ప్రారంభించాడు. అది ఇటాలియన్ పద్ధతి భవనం. తరువాత 1874లో మొదలై 1879లో పూర్తయిన సెనేటు మందిరం దగ్గరకు వచ్చేసరికి చిజమ్ చూపు మారింది. ఆ చూపులో ఈ దేశపు కట్టడాలు పడ్డాయి. గుమ్మటాలు, కమానులు, రంగుల అద్దాలు, చెక్కిన రాతిస్తంభాలు కలిసి ఇండో-సారసెనిక్ అని పేరుపొందిన శైలికి సెనేటు మందిరం గొప్ప ఉదాహరణగా నిలిచింది. పదేండ్లలో ఒకే నిర్మాత ఎంత నేర్చుకొన్నాడో ఈ రెండు భవనాలను పక్కపక్కన చూసినవారికి తెలుస్తుంది.

విశాఖపట్టణంలో బాల్యం గడిపిన సి. వి. రామన్ ప్రెసిడెన్సీ కళాశాలలోనే పట్టాలు పొందాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యాపకజీవితం 1909లో అక్కడే మొదలయింది. వెంకటరత్నం నాయుడు 1925 నుండి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడయ్యాడు. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు శాసనసభ కూడా కొన్నాళ్ళు సెనేటు మందిరంలోనే సమావేశమయింది. ప్రెసిడెన్సీ భవనపు గుమ్మటం మీది గడియారం 1940 నాటిది. పూర్వాధ్యక్షుడు ఫైసన్ పేర దానిని ఫైసన్ గడియారమని పిలుస్తారు. భవనం ఒక్కనాటితో పూర్తికాదనడానికి, తరతరానికీ ఏదో ఒకటి చేరుతూనే ఉంటుందనడానికి ఆ గడియారమే సాక్షి.

సున్నం, బెల్లం, కరక్కాయ

ఈ భవనాలు నూరేండ్లు దాటి నిలవడానికి కారణం వాటి నమూనా మాత్రమే కాదు. వాటిని కట్టిన పనితనం. సిమెంటు వాడుకలోకి రాకముందు ఈ దేశపు తాపీపనికి ప్రాణం సున్నం. సముద్రతీరంలో గుల్లను కాల్చి చేసిన గుల్లసున్నాన్ని నీటిలో ఊరబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. దానికే డంగుసున్నమని పేరు. బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు అందులో కలిపితే పట్టు హెచ్చుతుంది. పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపి, నున్నని రాతితో రుద్ది రుద్ది చలువరాతి నిగారింపు తెచ్చేవారు. మద్రాసు సున్నపుపూత సముద్రాలు దాటి కీర్తి గడించినది ఈ పనితనం వల్లనే.

కప్పుకు ‘మద్రాసు టెరస్’ అనే పద్ధతి ఉండేది. గోడ నుండి గోడకు టేకు దూలాలు పరచి, వాటిమీద పలుచని చిన్న ఇటుకలను నిలువుగా, దూలాలకు ఐమూలగా, సున్నంతో అతికించేవారు. దానిపై ఇటుకజల్లి, సున్నం కలిపిన పొరను పరచి చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టేవారిలో ఎక్కువమంది స్త్రీలు. వరుసగా కూర్చొని, పాట పాడుతూ, పాటకు తగినట్లు దెబ్బ వేసేవారు. దెబ్బ పడినకొద్దీ లోపలి గాలి పోయి పొర గట్టిపడుతుంది. ఆ మీద పలుచని పెంకులు పరచి సున్నం పూస్తే, వేసవిలో చల్లగా, వానకు కారకుండా ఉండే మిద్దె సిద్ధమవుతుంది.

కట్టడపు పనులకు రాయీ మన్నూ అందించినవారి మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రాయి కొట్టడం, మన్ను తవ్వడం కులవృత్తిగా గల వడ్డెరలు తమిళనాట ఒట్టర్లుగా, కన్నడనాట వొడ్డరులుగా, భోవిలుగా వ్యవహరింపబడుతున్నారు. తరాలు గడిచినా అనేక కుటుంబాల ఇంటిభాష తెలుగే. దక్షిణదేశంలో చెరువుకట్టలు, బాటలు, భవనాల పునాదులు వీరి శ్రమను ఎరుగుదురు. పునాదిరాళ్ళ మీద గవర్నర్ల పేర్లు చెక్కినవారు వీరి పేర్లు చెక్కలేదు. రాయి మోసిన తల్లి బిడ్డకు ఆ రాతి గడప దాటి లోపల కూర్చునే అవకాశం రావడానికి ఎన్నో తరాలు పట్టింది. ఏ భవనచరిత్రకయినా ఈ వాక్యం లేనిదే నిండుతనం రాదు.

జబ్బు, చికిత్స

పాత భవనానికి మొదటి శత్రువు నీరు. మిద్దె మీది తూములో ఎండుటాకులు పేరుకొంటాయి. నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు సన్నని బీటలోకి దిగుతుంది. కాకి రెట్టలో వచ్చిన రావిగింజ ఆ బీటలో మొలకెత్తుతుంది. వేరు గోడను చీలుస్తుంది. దూలపు కొన గోడలో నాని చివుకుతుంది. ఇంత జరగడానికి పదేండ్లు పడుతుంది. తొలినాడే తూము శుభ్రం చేసి ఉంటే ఒక మనిషికి ఒక పూట పని.

రెండవ శత్రువు తెలిసీ తెలియని మరమ్మతు. సున్నపు గోడ గాలి పీల్చే గోడ. అందులో చేరిన చెమ్మ మెల్లగా బయటికి ఆరిపోతుంది. ఆ గోడ పెచ్చులూడినప్పుడు దానిమీద సిమెంటు గిలాబా చేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. నీటిలోని ఉప్పు ఇటుకను పొడిపొడిగా తినివేస్తుంది. రెండు మూడేండ్లకు సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడి, తనతో ఇటుకను కూడా లాక్కొని పడుతుంది. మేలు చేయబోయి కీడు చేసిన మరమ్మతులు ఎన్ని పాత పాఠశాలలలో ఉన్నాయో లెక్కలేదు.

కాంక్రీటు భవనానికి జబ్బు మరొక రకం. లోపలి ఇనుపకడ్డీకి చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును లోపలినుండి పగలగొడుతుంది. ఉప్పుగాలి వీచే తీరప్రాంతంలో ఈ జబ్బు త్వరగా వస్తుంది. సున్నపు భవనం నూరేండ్లు నిలిచిన చోట, శ్రద్ధ లేకుండా కట్టిన కాంక్రీటు భవనం నలభై యేండ్లకే శిథిలమయిన సందర్భాలు అందుకే కనబడతాయి.

చికిత్స జరిగితే ఫలితం ఎలా ఉంటుందో సెనేటు మందిరమే చూపింది. కొన్ని దశాబ్దాలు వాడుక తగ్గి, దుమ్ముపట్టి ఉన్న ఆ భవనాన్ని విశ్వవిద్యాలయపు నూటయేబదియేండ్ల పండుగ సందర్భంగా 2006-07 ప్రాంతంలో పునరుద్ధరించారు. దాపుననే ఉన్న చేపాకం రాజప్రాసాదంలోని కలస మహల్ 2012 జనవరిలో అగ్నిప్రమాదానికి గురయినప్పుడు, పడగొట్టక నిలబెట్టాలనే నిర్ణయం జరిగింది. 2017 నాటికి అది తిరిగి వాడుకలోకి వచ్చింది. ఈ పనులవల్ల భవనాలు నిలవడమే కాక, మరుగున పడుతున్న సున్నపుపని తెలిసిన మేస్త్రీలకు మళ్ళీ పని దొరికింది. విద్య నిలవాలంటే శిష్యులు కావాలి. తాపీవిద్యకూ అదే సూత్రం.

కప్పు కింద ఉన్నది పిల్లలు

భవన సంరక్షణ కేవలం పురావస్తు ప్రేమ అనుకుంటే పొరపాటు. 2004 జూలై 16న కుంభకోణంలోని ఒక పాఠశాలలో మధ్యాహ్నభోజనపు వంటపాకలో లేచిన నిప్పు పై అంతస్తు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పసిపిల్లలను బలిగొన్నది. ఇరుకు మెట్లు, మండే కప్పు, తగిన దారి లేకపోవడం: ఇవేవీ ఆ ఒక్కనాడు పుట్టిన లోపాలు కావు. ఏండ్ల తరబడి అందరి కళ్ళెదుటా ఉన్నవే. ఆ ఘటన దరిమిలా తమిళనాట పాఠశాలల ఆకుల కప్పులు తొలగించారు. 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన భవనంలో చదువుకోవడం కూడా పిల్లల విద్యాహక్కులో భాగమేనని చెప్పి, దేశంలోని పాఠశాలలన్నిటికీ అగ్నిరక్షణ, భవనరక్షణ నియమాలను విధించింది. అయినా 2021 డిసెంబరులో తిరునెల్వేలిలోని ఒక పాఠశాలలో మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఆ తరువాతనే శిథిల భవనాల తనిఖీలు రాష్ట్రమంతటా ముమ్మరమయ్యాయి.

తనిఖీ ప్రమాదానికి తరువాత రావడం ఒక జాతి దురలవాటు. దానిని ప్రమాదానికి ముందుకు జరపడమే భవనచరిత్ర నేర్పే పాఠం.

స్వంత రాష్ట్రం వెలుపల నడిచే తెలుగు పాఠశాలలకు ఈ పాఠం మరింత అవసరం. అవి చాలావరకు దాతల ధర్మం మీద, సంఘాల చందాల మీద నిలిచినవి. ఒకప్పుడు వ్యాపారి ఒకరు స్థలమిచ్చారు, మరొకరు గది కట్టించారు, మరొకరు బావి తవ్వించారు. గది కట్టించిన దాతకు చలువరాతి ఫలకం మీద పేరుంటుంది. ఆ గది కప్పు కారకుండా ఏటేటా తూము తుడిపించినవారికి ఫలకం లేదు. అందుకే కొత్త గదికి చందా సులభంగా వస్తుంది. పాత గది మరమ్మతుకు రాదు. పచ్చయప్ప ధర్మనిధి చరిత్ర ఈ విషయంలో హెచ్చరికా, ఆదర్శమూ కూడా. పట్టించుకొనేవారు లేనప్పుడు ఎంత పెద్ద ధర్మమయినా అర్ధశతాబ్దం కాగితాలలో నిద్రపోయింది. పట్టించుకొనేవారు దొరికిన నాడు అదే ధర్మం వేలమందికి చదువయింది.

చేయదగిన పనులు పెద్దవి కావు. ఏ గది ఏ యేట కట్టారో, పునాది ఎంత లోతో, మరమ్మతు ఎప్పుడు, దేనితో జరిగిందో నమోదుచేసే భవన దస్త్రం ఒకటి ప్రతి పాఠశాలకూ ఉండాలి. పాత మేస్త్రీలు, పాత గుమాస్తాలు జీవించి ఉండగానే వారి జ్ఞాపకాలను అందులోకి ఎక్కించాలి. తమిళనాట పెద్దవానలు ఈశాన్య ఋతుపవనంతో, అక్టోబరులో మొదలవుతాయి. కాబట్టి వినాయకచవితికీ విజయదశమికీ మధ్య మిద్దె, తూములు, విద్యుత్తు తీగలు, మెట్లు ఏటా తప్పక చూపించుకోవాలి. వసూలయిన ప్రతి నిర్మాణ విరాళంలో కొంత భాగాన్ని ముట్టకుండా మరమ్మతు నిధిగా నిలపాలి. సున్నపు గోడకు సున్నమే వాడాలి. ఏది నిలపాలో ఏది తీసివేయాలో అర్హుడైన ఇంజనీరు చెప్పినట్లు నడచుకోవాలి. కాపాడదగినదాన్ని కూల్చడం ఎంత తప్పో, ప్రమాదకరమైనదాన్ని మమకారంతో నిలిపి ఉంచడం అంతకన్న పెద్ద తప్పు.

విజయదశమినాడు పళ్ళెంలో బియ్యం పోసి పసివాడి చేత ఓనమాలు దిద్దించేటప్పుడు ఎవరూ పైకప్పు వంక చూడరు. చూడనక్కరలేకుండా దానిని కాపాడినవారు ఎక్కడో ఉన్నారు. డెబ్బదియైదేండ్లు నిండిన ఏ విద్యాలయంలోనయినా వేదిక మీద జరిగే సన్మానాలలో ఒక శాలువా ఆ పేరులేని చేతులకు కప్పితే, వచ్చే డెబ్బదియైదేండ్లకు అదే గట్టి పునాదిరాయి అవుతుంది.